శ్రీహరికోట దుప్పులు: వేట వాదముపై ఒక విమర్శ

పూర్వులు ప్రళయకావేరి యని పిలిచిన పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ కదురు ఆకారమున ఒక ఇసుక దీవి కలదు. అదియే శ్రీహరికోట. 1969లో రాకెట్ ప్రయోగ కేంద్రమునకై ఈ దీవిని ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టు ఇచటి నుండి మొదట ఎగిరినది. 2002 నుండి ఆ కేంద్రము సతీష్ ధావన్ పేర ప్రసిద్ధమైయున్నది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో సూళ్ళూరుపేట ప్రాంతమంతయు తిరుపతి జిల్లాలో చేరినను, జనుల నోట ఇది నేటికిని నెల్లూరు తీరమే.

రాకెట్ కేంద్రమునకు కట్టుదిట్టమైన కాపలా యుండవలెను గదా! ఆ కాపలా రాకెట్లనే గాక అడవిని గూడ కాపాడినది. నూట నలుబది చదరపు కిలోమీటర్లకు పైబడిన ఈ ప్రదేశములో కట్టడములు, రోడ్లు ఆక్రమించిన భాగము స్వల్పము. మిగిలినదంతయు నేరేడు, పాల, ముష్టి మున్నగు చెట్లతో గూడిన అడవియు, పొదలును, సరుగుడు, జామాయిలు, జీడిమామిడి తోటలును. ఇట్టి సతతహరిత శుష్కారణ్యము కోరమాండల్ తీరమున ఒకప్పుడు విరివిగా నుండెడిది. నేడు తునకలు తునకలుగా మాత్రమే మిగిలినది. అందు పెద్ద తునక శ్రీహరికోట. ఈ అడవిలో చుక్కల దుప్పులు మందలు మందలుగా తిరుగుచున్నవి. వానిని పెద్దయెత్తున వేటాడు పులిగాని చిరుతగాని అచట లేదు. నక్కయే అచటి ప్రధాన మాంసాహారి. అది పిల్లలను పట్టగలదు గాని ఎదిగిన దుప్పిని పడగొట్టుట దానికి సులభము గాదు.

ఇచట మాటను గూర్చి ఒక మాట. పత్రికలలో దుప్పిని జింక యనియు, జింకను లేడి యనియు, అన్నింటిని కలిపి జింకలే యనియు వ్రాయుట పరిపాటియైనది. దుప్పి మగదానికి మాత్రమే కొమ్ములుండును. అవి శాఖలుగా చీలి, ఏటేట రాలి, మరల మొలచును. కృష్ణజింక కొమ్ములు మెలి తిరిగి యుండును, రాలవు. రెండును వేరు కుటుంబముల జంతువులు, వాని మేత అలవాట్లును వేరు. ఏ జంతువును గూర్చి మాటలాడుచున్నామో తెలియక దాని సంఖ్యను గూర్చి వాదించుట వృథా.

వేటాడు మృగము లేదు, వేటగానికి ప్రవేశము లేదు. మరి దుప్పుల సంఖ్యకు హద్దేది? ఈ ప్రశ్నకు రెండు సమాధానములు సిద్ధముగా నున్నవి. రక్షిత ప్రదేశములలో సైతము ఏటేట లెక్కప్రకారము కొన్నింటిని వేటాడవలెనని ఒక పక్షము. అమెరికా, ఐరోపా దేశములలో ఈ పద్ధతి చిరకాలముగా సాగుచున్నది. ఆ పక్షమువారు దానినే ఇచటికి తేగోరుదురు. వేట యను మాటయే ఎత్తరాదు, ప్రకృతి తన లెక్క తానే సరిచూచుకొనును అనునది రెండవ పక్షము. మన చట్టము చాలవరకు ఈ పక్షముననే నిలిచినది. ఈ రెండింటిలో దేనికిని శ్రీహరికోట అడవి ఇంతవరకు సాక్ష్యమీయలేదు. సాక్ష్యమడుగవలసిన రీతి ఏదియో రెండు పక్షములును చెప్పవు.

మొదటి పక్షమువారి ఆయుధము కైబాబ్ కథ. జీవశాస్త్ర పాఠ్యగ్రంథములలో దీనిని చదువని విద్యార్థి అరుదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, గ్రాండ్ కాన్యన్ లోయకు ఉత్తరమున కైబాబ్ పీఠభూమి యున్నది. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ దానిని మృగరక్షణ ప్రదేశముగా ప్రకటించెను. దుప్పుల వేట నిషిద్ధమైనది. తోడేళ్లను, కొండసింహములను, కయోటీలను ప్రభుత్వ వేటగాండ్రు ఏండ్ల తరబడి చంపిరి. నాలుగు వేలున్న దుప్పులు 1924 నాటికి లక్ష యయ్యెననియు, అవి ఆకును బెరడును మిగుల్చక తిని, పిమ్మట రెండు శీతకాలములలో వేలకొలది ఆకలితో చచ్చెననియు కథ. ఆల్డో లియొపోల్డ్ అను అటవీశాస్త్రజ్ఞుడు ఇట్టి అనుభవములనుండియే మాంసాహారుల విలువను గుర్తించెను. 1933లో వెలువడిన ఆయన గ్రంథము మృగసంఖ్యా నిర్వహణమును ఒక శాస్త్రముగా నిలిపినది. ఆయన మరణానంతరము 1949లో అచ్చయిన వ్యాససంపుటి వలన ఈ భావము లోకమంతటను వ్యాపించినది.

కథ రమ్యముగా నున్నది. అందులోని లెక్క మాత్రము నిలువలేదు. న్యూజీలాండులో పనిచేసిన గ్రేమ్ కాహ్లీ అను శాస్త్రజ్ఞుడు 1970లో మూలములను తిరుగవేసి చూడగా, లక్ష యనునది ఆనాటి అంచనాలలో అన్నింటికన్న పెద్దదనియు, అదే కాలమున ఇతరులు చెప్పిన సంఖ్యలు దానిలో మూడవవంతు వరకు తక్కువగా నున్నవనియు తేలినది. అంతకన్న ముఖ్యమైన సంగతి మరియొకటి. అదే సంవత్సరములలో ఆ పీఠభూమిపై మేయుచుండిన గొఱ్ఱెలను, పశువులను పెద్దయెత్తున తగ్గించిరి. దుప్పులు పెరిగినది తోడేళ్లు పోయినందువలననా, మేతకు పోటీ తగ్గినందువలననా? రెండు కారణములు ఒక్కమారు మారినప్పుడు ఫలితమును ఒక్కదానికి అంటగట్టుట శాస్త్రము గాదు. కాహ్లీ విమర్శ తరువాత పలు పాఠ్యగ్రంథములనుండి ఈ కథ మెల్లగా జారిపోయినది.

అంతటితోనైనను అయిపోలేదు. 2006లో మరికొందరు శాస్త్రజ్ఞులు దుప్పుల లెక్కను ప్రక్కనబెట్టి చెట్లనడిగిరి. ఆ పీఠభూమిపై ఆస్పెన్ అను చెట్టు కలదు. దాని లేత మొక్కలు దుప్పులకు ప్రీతి. ఆస్పెన్ చెట్ల మానులలోని వలయములను లెక్కించి ఏ చెట్టు ఏ దశాబ్దమున మొలచినదో నిర్ణయింపగా, దుప్పులు మిక్కుటముగా నుండెనని చెప్పిన కాలమున మొలచి బ్రతికిన చెట్లు చాల తక్కువయని కనబడినది. అనగా లక్ష యను సంఖ్య నమ్మదగినది కాకపోయినను, దుప్పులు అడవిని అణచినవన్న మాటలో నిజమున్నది. మనుష్యులు వేసిన లెక్కలు ఒకదానికొకటి పొసగలేదు. చెట్లు మాత్రము తమ లెక్కను తమ మానులలో వ్రాసియుంచుకొన్నవి.

శ్రీహరికోటను గూర్చి ఆలోచించువారు కైబాబ్ కథనుండి గ్రహింపవలసినది ఈ భాగము. అచటివలె ఇచటను ఒకటికన్న ఎక్కువ మార్పులు ఒక్కమారే జరిగినవి. 1835లో కుంఫిణీ ప్రభుత్వము ఈ దీవిని తన వశము చేసికొన్నది. పిమ్మట తరతరములుగా ఇచటి వంటచెరకు బకింగ్‌హాం కాలువ మీద పడవలలో మదరాసు పొయ్యిలకు పోయెడిది. 1970 తరువాత ఆ నరకుడు నిలిచినది. ఊళ్లు ఖాళీయైనవి. కేంద్రమునకై కొంతమేర అడవి కొట్టి బయళ్లు చేసిరి, సరుగుడు, జామాయిలు నాటిరి. చుక్కల దుప్పి కారడవి జంతువు కాదు. అడవి అంచు, గడ్డి బయలు, నీటి చెలమ మూడును దగ్గరగా నున్న చోట అది వృద్ధిజెందును. రోడ్ల ప్రక్కలను, బయళ్లలోను మొలచు లేత గడ్డి దానికి విందు. కావున శ్రీహరికోటలో దుప్పులు పెరిగినచో అందుకు పులి లేకపోవుట ఒక్కటియే కారణమని చెప్పుట తొందరపాటు.

మరియొక మేపరి కలదు. దానిని వేట పక్షము మరచును, రక్షణ పక్షమును మరచును. అవియే అడవిపట్టిన ఆవులు. నెల్లూరు తీరమున యజమాని లేక అడవిలోనే పుట్టి పెరుగు పశువులను గూర్చి పందొమ్మిదవ శతాబ్దపు ప్రకృతి శాస్త్రజ్ఞులే వ్రాసియున్నారు. శ్రీహరికోట అడవిలో అట్టి మందలు కలవు. ఎదిగిన ఆవు ఒక్కటి అనేక దుప్పుల మేత మేయును. వేసవిలో దొరువులలో నీరు అడుగంటినప్పుడు రెండును ఒక్క చోటికే వచ్చును. నేరేటి మొలకను కొరికినది దుప్పి పల్లా, ఆవు పల్లా అని తేల్చకుండ దుప్పిపై తుపాకి ఎత్తుమనుట, సాక్షులను విచారింపకయే తీర్పు చెప్పుట వంటిది. కైబాబ్‌లో గొఱ్ఱెలు కథలోనుండి జారిపోయినట్లు ఇచట ఆవులు జారిపోరాదు.

ఇక వేట అనుదానినే పరీక్షింతము. వేటవలన సంఖ్య తగ్గునని అందరు అనుకొందురు గాని అది ఏ దుప్పిని చంపుదుమను దానిపై ఆధారపడును. 1972కు పూర్వము మన దేశమున లైసెన్సుపై వేట సాగినపుడు సాధారణముగా కొమ్ములుగల మగదానినే కొట్టుటకు అనుమతించెడివారు. ఆడదానిని కొట్టుట నిషిద్ధము, అమర్యాద గూడ. గోడకు తగిలించుటకు కొమ్ములే కావలెను గదా. కాని ఒక మగ దుప్పి అనేకమగు ఆడ దుప్పులతో జతగూడును. ఊహకు ఒక మందను తీసికొందము: వేయి దుప్పులు, అందు ఈడువచ్చిన ఆడవి 350, మగవి 200, తక్కినవి పిల్లలు. ఆడది ఏటికి ఒక్క పిల్లను ఈనుననుకొనుడు. నూరు మగవానిని చంపినను మరుసటి ఏడు 350 పిల్లలే పుట్టును, ఎందుకనగా మిగిలిన నూరు మగవి చాలును. నూరు ఆడవానిని చంపినచో 250 పిల్లలు పుట్టును. మొదటి వేటతో వేటగాని వేడుక తీరినది, అడవికి కలిగిన మేలు స్వల్పము.

ఈ సత్యమును చెప్పుట ఎంత కష్టమో లియొపోల్డే అనుభవించెను. 1943లో విస్కాన్సిన్ రాష్ట్రమున కొమ్ములు లేని లేళ్లను సైతము వేటాడుటకు అనుమతి నీయగా, ఆయనపై వేటగాండ్రే తిరుగబడిరి. వారి కోపమునకు ఒక పత్రికయే పుట్టినది. లైసెన్సు రుసుముతో అడవి బాగుపడునను వాదమునందలి చిక్కు ఇదియే. రుసుము చెల్లించువాడు కోరునది కొమ్ములను, అడవికి కావలసినది మరియొకటి. అదియునుగాక, కొన్నింటిని తీసివేయగా మిగిలినవానికి మేత సమృద్ధియై పిల్లలు ఎక్కువగా బ్రతుకును. కాబట్టి వేట ఒక్క ఏటితో తీరు పని కాదు, మొదలుపెట్టినచో ఏటేట సాగింపవలసినదే. రాకెట్ ఇంధనము నిలువయుండు దీవిలో ఏటేట తుపాకులు మ్రోగించుట ఎంతవరకు వీలగునో వేట పక్షమువారు ముందుగా చెప్పవలెను.

రెండవ పక్షమునకు ఆలంబనము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము. లైసెన్సు వేటకు మిగిలియుండిన సందులు 1991 సవరణతో మూసుకొన్నవి. దేశమున అడవి జంతువులు ఆనాడున్న దుస్థితికి ఆ చట్టము అత్యవసరము. అది లేకున్నచో నేడు ఈ చర్చయే యుండెడిది కాదు, దుప్పులే యుండెడివి కావు. అయినను విమర్శింపవలసినది ఒకటి యున్నది. ఆ చట్టపు 12వ విభాగము విద్య, పరిశోధన, శాస్త్రీయ నిర్వహణము మున్నగువానికై అనుమతుల నిచ్చును. అందు శాస్త్రీయ నిర్వహణమనగా నేమో గూడ నిర్వచించినది: జంతువులను తగిన మరియొక చోటికి తరలించుట, లేదా చంపక, విషమీయక, నాశనము చేయక వాని సంఖ్యను అదుపుజేయుట. చంపరాదని శాసించుటకు ప్రభుత్వమునకు హక్కు కలదు. అది ధర్మనిర్ణయము, గౌరవింపదగినది. కాని చంపనిది మాత్రమే శాస్త్రీయమని నిర్వచించుట వేరు. ఏది శాస్త్రీయమో ప్రయోగము చెప్పవలెను, నిర్వచనము చెప్పజాలదు.

అదే చట్టమున 11వ విభాగము ప్రకారము మనుష్యుల ప్రాణమునకుగాని ఆస్తికిగాని, పొలములోని పైరుకుగాని అపాయకరమైన జంతువును వేటాడుటకు అధికారి వ్రాతమూలముగా ఉత్తరువీయవచ్చును. 62వ విభాగము ప్రకారము కేంద్ర ప్రభుత్వము కొన్ని జంతువులను ఒక ప్రాంతమున, ఒక గడువువరకు, హానికర జంతువులుగా ప్రకటింపవచ్చును. అట్లు ప్రకటింపబడినదానికి ఆ గడువులో రక్షణయే లేదు. బీహారులో 2015 డిసెంబరులో నీలగాయిలను గూర్చి ఇట్టి ప్రకటన వెలువడినది. 2016 జూనులో మొకామా ప్రాంతమున రెండు వందలకు పైగా నీలగాయిలను కాల్చిరి. ఇద్దరు కేంద్రమంత్రులు బహిరంగముగా వాదులాడుకొనిరి. ఇట్టి ప్రకటన ప్రాంతమును, గడువును చెప్పును గాని ఎన్నింటిని, ఆడవానినా, మగవానినా, తరువాత పైరు దక్కినదా అని అడుగదు. ఒక విభాగము ఒక్కటియు చావరాదనును, మరియొక విభాగము ఎన్ని చచ్చినను లెక్క యడుగదు. నడుమ కొలతకు చోటు లేదు. పైరుకు నష్టమైనచో చట్టము వినును. అడవికే నష్టమైనచో, నేరేటి మొలక పెరుగకున్నచో, ఆ ఫిర్యాదు వినుటకు అందు విభాగమే లేదు.

ఈ చిక్కు నేటిది మాత్రము గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము అభయవనములలో మృగములను చంపినవానికి దండన విధించినది. అందే, అభయము పొందిన మృగములు దుష్టములైనచో రక్షితస్థలమునకు వెలుపల వానిని పట్టవచ్చును లేక చంపవచ్చునని గూడ చెప్పినది. అభయమిచ్చినవాడే దాని పర్యవసానమునకు బాధ్యుడను ఎఱుక అందు కనబడుచున్నది. ఈ ఎఱుక లోపించిన చోట ఏమగునో రోళ్లపాడు చూపినది. కర్నూలు ప్రాంతమున, నేటి నంద్యాల జిల్లాలో, బట్టమేక పిట్టకై 1988లో ఏర్పడిన ఆ అభయారణ్యములో కృష్ణజింకలు పెరిగి పొరుగు చేలపై పడినవి. రైతులకు జింకపై కలిగిన కోపము అభయారణ్యముపైకి మరలినది. ఏ పక్షికై అది ఏర్పడినదో ఆ పక్షికే అందువలన నష్టము కలిగినది.

చంపక తరలించుట మేలుగదా యనువారికి కైబాబ్ చరిత్రలోనే ఒక వింత ఘట్టము కలదు. 1924 డిసెంబరులో వేలకొలది దుప్పులను తోలుకొని లోయ దాటింతుమని గుఱ్ఱపు రౌతులు, కాలినడక మనుష్యులు గంటలు, డప్పులు మ్రోగించుచు వరుస గట్టిరి. నవలాకారుడు జేన్ గ్రే సినిమా తీయుటకై గూడ వచ్చెను. మంచు తుఫాను వీచినది. దుప్పులు మనుష్యుల నడుమనుండి వెనుకకు దూసికొని పోయినవి, ఒక్కటియు లోయ దాటలేదు. నేటి పద్ధతులు ఇంతకన్న మెరుగు. మధ్యప్రదేశములో ఆఫ్రికానుండి నేర్చిన బోమా పద్ధతిని, అనగా గరాటువలె అల్లిన పొడవైన కంచెలోనికి మందను మెల్లగా మరలించి లారీలకెక్కించు పద్ధతిని, చుక్కల దుప్పుల విషయమున విరివిగా వాడుచున్నారు. అచట దుప్పులను పులులకు ఆహారముగా మరియొక అడవికి పంపుచున్నారు. అది సార్థకమైన తరలింపు. అయితే దుప్పి బెదురు జంతువు. పట్టుకొన్నప్పటి భయముతోడనే దాని కండరములు దెబ్బతిని తరువాత చచ్చుట కలదు. కావున తరలింపులో చావు లేదనుట కంటికి కనబడని చావును లెక్కవేయకుండుటయే.

ఏమియు చేయకున్న నేమగును? అందుకు అండమాను దీవులను చూడవలెను. చుక్కల దుప్పి అచట పుట్టిన జంతువు గాదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఆంగ్లేయులు తెచ్చి విడిచిరి. పులి లేదు, పోటీ లేదు. దీవినుండి దీవికి ఈదుచు అది విస్తరించినది. అచటి అడవులలో క్రింది అంతస్తు మొక్కలు తగ్గుటకు దుప్పులు కారణమని పరిశోధనలు చెప్పుచున్నవి. శ్రీహరికోట దుప్పి అట్లు పరాయిది గాదు, ఈ తీరము దానికి స్వస్థలము. అండమాను చికిత్సను ఇచట వర్తింపజేయుట తగదు. అయినను మాంసాహారి లేని దీవిలో దుప్పి ఏమి చేయగలదో అది చూపుచున్నది.

ఒక చోట ఎన్ని దుప్పులుండవచ్చుననుటకు ఒక్క సంఖ్య లేదు. కర్ణాటకలోని నాగరహొళె అడవిలో చదరపు కిలోమీటరుకు సుమారు 50 చుక్కల దుప్పులు లెక్కకు వచ్చినవి. అచట పులి, చిరుత, రేచుకుక్క మూడును కలవు, అడవి పచ్చగనే యున్నది. ఇసుక నేలయు, ఈశాన్య ఋతుపవనముపై ఆధారపడిన వానయు గల శ్రీహరికోటలో అందులో సగమైనను బరువు కావచ్చును, కాకపోవచ్చును. అడుగవలసినది దుప్పులనుగాదు, అడవిని.

ఆ పనికి పెద్ద యంత్రములు అక్కరలేదు. అడవిలోను, తోటలోను, బయలులోను పది పండ్రెండు చోట్ల మూడేసి మళ్లు గుర్తింపవలెను. ఒక మడికి ఏ మేపరియు చొరరాని కంచె. రెండవదానికి ఆవు దూరలేని, దుప్పి దూరగల కంచె. మూడవది తెరచినది. నేరేడు, పాల మొలకలను ప్రతి సంవత్సరము వానలు వెలిసిన పిదప జనవరిలోను, మరల మే నెలలోను లెక్కించి, వాని ఎత్తు కొలవవలెను. మొదటి రెండు మళ్లకు గల వ్యత్యాసము దుప్పిది, రెండవ మూడవ మళ్లకు గల వ్యత్యాసము ఆవుది. దానితోబాటు నిర్ణీతమైన దారులలో నడచి కనబడిన దుప్పులను దూరముతో సహా వ్రాసికొనుట, గుర్తించిన గళ్లలో పెంటికలను లెక్కించుట సాగవలెను. దుప్పి నోరందు ఎత్తువరకు పొదలు బోడియై, ఆపైన మాత్రము ఆకుండుట కనబడినచో అదియు నమోదు చేయవలెను.

ఈ లెక్కకు యానాదులకన్న తగినవారు లేరు. శ్రీహరికోట వారి పురాతన నివాసము. ఏ దొరువులో ఏ నెలవరకు నీరుండునో, ఏ పండు రాలునప్పుడు మంద ఎటు మరలునో వారి పెద్దలకు తెలియును. వెన్నెలకంటి రాఘవయ్య వారిని గూర్చి 1962లోనే ఒక గ్రంథము వ్రాసెను. రాకెట్ కేంద్రము వచ్చినప్పుడు వారిలో పలువురు దీవి విడువవలసివచ్చినది. మిగిలినవారిని కూలీలుగా గాక పరిశీలకులుగా, తగిన జీతముపై నియమించి, వారు చెప్పినదానిని వారి పేరనే పుస్తకమున వ్రాయవలెను. కనీసము ఐదు ఈశాన్య ఋతుపవనములు గడచువరకు ఈ లెక్క సాగినచో, కరవు ఏడును తుఫాను ఏడును రెండును అందు చేరుటకు అవకాశముండును.